ఎనిమిదో రోజు గండం

అవ్వ పోయిందన్న కబురు మొన్న బుధవారం కార్డు మీద వచ్చింది. అరకు వైపు కొండల్లో ఒకప్పుడు నేను పనిచేసిన సబ్‌సెంటర్లో ఇప్పుడున్న నర్సు రాసింది. నాలుగే వాక్యాలు. రెండు రోజులు జ్వరం వచ్చిందట. మాత్రలు వేసుకుందట. శనివారం తెల్లవారాక చోడి అంబలి రెండు గుక్కలు తాగి, గోడకి జారబడి కూర్చుని, అలాగే పోయిందట. ఇప్పుడు పనిచేస్తున్న ఆసుపత్రి వార్డులో నిలబడి ఆ కార్డు మూడుసార్లు చదివాను. మలేరియా ఏమో, రక్తం తీసి చూశారా, ఎవరైనా కిందికి మోసుకొస్తే బతికేదా అని ఒకటే ఆరాటం. ఆవిడే ఉంటే "ఏటే ఆ కంగారు, నిమ్మలంగా ఉండు" అని కసిరేది.

ఆవిడ నాకు చుట్టం కాదు. నాది బొబ్బిలి దగ్గర మెట్ట పొలాల ఊరు. ఆవిడ కొండదొరల తెగ మనిషి, ఆ చుట్టుపక్కల అయిదారు ఊళ్ళకి మంత్రసాని. పేరుపెట్టి పిలిచిన వాళ్ళని నేను చూడలేదు. అందరికీ అవ్వే, నాకూ అవ్వే. ఇక్కడా అలాగే రాస్తాను.

నర్సు ట్రైనింగు ముగించి కొండ మీదికి వెళ్ళేసరికి నాకు ఇరవై రెండేళ్ళు. రైలు సొరంగాల్లో దూరి బయటపడుతూ ఎక్కుతుంటే, నన్ను దిగబెట్టడానికి వచ్చిన మా నాన్న కిటికీ చువ్వలు పట్టుకుని "వద్దులే అమ్మా, దిగిపోదాం" అని రెండుసార్లు అన్నాడు. టైడా స్టేషను దాటాక ఆ మాట మానేశాడు. స్టేషన్లో దిగి రెండు గంటలు నడిస్తే మా సబ్‌సెంటర్. సెంటరంటే ఒక పెంకుటి గది, ఒక బల్ల, సూదులు మరగబెట్టే స్టవ్వు, గోడకి బొద్దుగా నవ్వుతున్న పిల్లాడి బొమ్మ. అలాంటి పిల్లాడు ఆ కొండల్లో ఒక్కడూ కనబడలేదు.

మొదటి నెల ఎవరూ గడప తొక్కలేదు. తొలిసారి వచ్చిన మనిషి అవ్వే. లోపలికి రాలేదు. గుమ్మం బయట గొంతుక్కూర్చుని, చుట్ట నిప్పు నోట్లోకి పెట్టుకుని అడ్డపొగ కాలుస్తూ, నన్ను ఎగాదిగా చూసింది.

"పురుడు పోసినావా ఎప్పుడైనా?"

"ట్రైనింగులో పోశాను."

"నువ్వు కన్నావా?"

"పెళ్ళే కాలేదు."

"మరి నీకేటి తెలుసే, గుంటా?" అని నవ్వి లేచి వెళ్ళిపోయింది. అందులో ఎగతాళి లేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగినట్టుంది.

ఆ కొండల్లో నన్ను స్థిమితంగా ఉండనివ్వనిది ఒక జబ్బు. పుట్టినప్పుడు శుభ్రంగా ఏడ్చి, నాలుగైదు రోజులు బాగా పాలు తాగిన బిడ్డ ఉన్నట్టుండి రొమ్ము పట్టదు. దవడలు బిగుసుకుంటాయి. ముట్టుకుంటే చాలు, ఒళ్ళు విల్లులా వంగిపోతుంది. ఎనిమిదో రోజుకి అటో ఇటో తేలిపోయేది, చాలాసార్లు అటే. ఊరివాళ్ళు దాన్ని ఎనిమిదో రోజు గండం అనేవాళ్ళు. కొండదేవతకి కోడిని కోసేవాళ్ళు. బిడ్డ ఎనిమిదో రోజు దాటేదాకా పేరు పెట్టేవాళ్ళు కాదు, గట్టిగా ముద్దు కూడా చేసేవాళ్ళు కాదు.

నాకు తెలుసు అది ధనుర్వాతమని. బొడ్డు కోసిన పరికరం నుంచి, దాని మీద అద్దిన బూడిద నుంచి వస్తుందని మా పుస్తకంలో ఒక పేజీ ఉంది. తల్లికి ముందే రెండు సూదులు వేసి, బొడ్డు మరగబెట్టిన బ్లేడుతో కోస్తే చాలు. ఇంత చిన్న సంగతి. కానీ ఆ మాట ఆ ఊళ్ళో పైకి అనడమెలా? బొడ్డు కోసే చెయ్యి అవ్వది.

మా ప్రైమరీ హెల్త్ సెంటర్ డాక్టరుగారు నెలవారీ మీటింగులో తేలిగ్గా తేల్చేశారు. "ఆ మంత్రసానిని పిలవొద్దని చెప్పు. పురుళ్ళన్నీ నువ్వే పొయ్యి. లేకపోతే నీ రిపోర్టులో ఏం చూపిస్తావ్?" ఉద్యోగం పోతుందన్న భయంతో ఆయన చెప్పినట్టే చేశాను. ఇల్లిల్లూ తిరిగి, అవ్వని పిలవొద్దని చెప్పాను. వారం తిరక్కుండా నేను వెళితే తడికలు మూసుకున్నాయి. కడుపుతో ఉన్నవాళ్ళు నన్ను చూసి పోడు పొలాల్లోకి తప్పుకునేవారు. ఆ నెలలో ఇద్దరు బిడ్డలు పోయారు. ఒక్క బిడ్డ దగ్గరికీ నన్ను రానివ్వలేదు.

చివరికి ఒక ఉదయం అవ్వ పొలానికే వెళ్ళాను. సామలు కోస్తోంది. నేను వచ్చినట్టు తెలిసినా తల ఎత్తలేదు.

"తప్పయిపోయింది అవ్వా. నిన్ను పిలవొద్దని చెప్పాను."

"తెలుసు."

"నీతో పురుడుకి వస్తాను. ఏమీ అనను. చూస్తాను, అంతే."

కొడవలి ఆపి నా మొహంలోకి చూసింది. "సూత్తానంటే రా. సూడ్డానికి ఎవల్నీ వద్దన్ను."

వారం తరవాత పిలుపొచ్చింది. ఆ రోజు ఆవిడ పని చూశాక నా ట్రైనింగు మీద నాకున్న గర్వం సగం దిగిపోయింది. దూలానికి కట్టిన తాడు పట్టుకుని తల్లి గొంతుక్కూర్చుంది. అవ్వ వెనకనుంచి ఆమె నడుముని తన మోకాళ్ళతో ఆనించి పట్టుకుంది. తొందరపెట్టలేదు, కేకలెయ్యలేదు. వేన్నీళ్ళ గుడ్డతో కాపడం పెడుతూ, చెవిలో ఏదో చెబుతూ, మధ్యలో నవ్విస్తూ ఉంది. బిడ్డ అడ్డం తిరిగిందని నేను హడలిపోతుంటే, ఆవిడ పొట్ట మీద రెండు చేతులూ వేసి మెల్లగా, చాలా మెల్లగా సర్దింది. ఆడపిల్ల పుట్టింది. అప్పుడు అవ్వ కొడవలి మొన చీరకుచ్చుతో తుడిచి బొడ్డు కోసింది. పొయ్యిలోంచి చిటికెడు బూడిద తీసి అద్దింది.

ఏమీ అననని మాటిచ్చాను కదా. పెదవి కొరుక్కుని కూర్చున్నాను.

తిరిగి వస్తుంటే తోవలో ఆవిడే అడిగింది. "కోసినప్పుడు నీ మొగం అలగైపోనాదేటి?"

చెప్పాను. మట్టిలో, బూడిదలో కంటికి కనబడని విషం ఉంటుందని, కోసిన బొడ్డులోంచి అది ఒంట్లోకి ఎక్కుతుందని, ఎనిమిదో రోజు గండం అదేనని. నాకు వచ్చిన మాటల్లో, తడబడుతూ. అవ్వ నడక ఆపింది. 

"అయితే ఇన్నాళ్ళూ నా సేతుల్తోనేనా?"

కాదని అబద్ధమాడలేను. అవునని ఎలా అనను? "నీకు తెలీదు కదా అవ్వా" అన్నాను. ఆవిడ నన్ను తోవలోనే వదిలి వెళ్ళిపోయింది.

మర్నాడు అవ్వ ఊళ్ళో లేదు. ఆ మర్నాడూ లేదు. ఎవరినడిగినా తెలీదన్నారు. వాగు వెంట వెతికాను. ఇప్పచెట్ల కింద వెతికాను. ఏ చెట్టుకొమ్మ వైపు చూడాలన్నా భయమేసేది. అంత మాట ఆ వయసు మనిషికి నేనెందుకు చెప్పాను? పుస్తకంలో పేజీ చదివినంత తేలిగ్గా ఒక మనిషి జీవితమంతా చేసిన పనిని అలా ఎలా కొట్టిపారేశాను? ఆ మూడు రోజులూ అన్నం సయించలేదు. ఆ రోజు పుట్టిన పాప దగ్గరికి పొద్దున్నా సాయంత్రం వెళ్ళి, బొడ్డు కడిగి, రొమ్ము పడుతోందా అని చూసుకునేదాన్ని. ఆ పాప మాత్రం గండం గట్టెక్కింది.

నాలుగో రోజు మధ్యాహ్నం అవ్వ తనంతట తానే వచ్చింది. కాళ్ళ నిండా దుమ్ము. బొర్రా అవతల కూతురింటికి నడిచి వెళ్ళి వచ్చిందట. ఆ కూతురి తొలిచూలు బిడ్డ కూడా ఎనిమిదో రోజే పోయింది. ఆ పురుడు పోసిందీ అవ్వే.

"ముందు నా గుంటకి సెప్పినాను" అంది.

"ఏమంది?"

"ఏడిసింది. తరవాత అన్నం పెట్టింది."

కాళ్ళ దుమ్ము దులుపుకుని, "ఇప్పుడు ఊరికి సెప్పాల" అంది.

చేతబడిని అక్కడ చిల్లంగి అంటారు. ఫలానా మనిషి చిల్లంగి పెట్టిందన్న అనుమానం చాలు, ఆ మనిషిని బతకనివ్వరు. అలాంటి చోట ఒక ముసలి ఆడది నడివీధిలో నిలబడి, మీ పిల్లలు నా చేతుల్లోనే పోయారని చెబితే? కాళ్ళావేళ్ళా పడ్డాను. "అవ్వా, చెప్పొద్దు. ఊరికే పద్ధతి మార్చేద్దాం. బ్లేడు వాడదాం. ఎందుకని ఎవరూ అడగరు."

"అడగరా? ఒకలు అడిగితే ఏటి సెప్తాను? సూదెందుకంటే ఏటి సెప్తాను? నాను నిజం సెప్పకుంటే నీ సూదికి సెయ్యి ఎవలు సాపుతారు?"

సంత మర్నాడు ఉదయం, అందరూ పొలాలకి పోకముందు, ఊరి నడుమ పంచాయితీకి కూర్చునే రాళ్ళ దగ్గర జనాన్ని పోగుచేసింది. నేను పక్కన నిలబడ్డాను. అవ్వ ఎక్కువ మాట్లాడలేదు. ముందు తన మనవరాలి సంగతి చెప్పింది. కొడవలి ఎత్తి చూపించింది. "దీంతోటే కోసినాను. దీనికున్న మట్టే పిల్లల్ని సంపినాది. దేవత కాదు. నాకు తెలీక సేసినాను. ఇప్పుడు తెలిసినాది. ఇంక సెయ్యను."

ఒక పోడు రైతు లేచాడు. అతని ఇద్దరు బిడ్డలు వరసగా పోయారు. భార్యకి మళ్ళీ అయిదో నెల. భుజాన గొడ్డలి ఉంది. అడవికి బయల్దేరిన మనిషి కాబట్టి ఉంది, కానీ ఆ క్షణంలో నాకు ఆ గొడ్డలి తప్ప ఇంకేమీ కనబడలేదు.

"నా ఇద్దరూ అలగే పోనారా?"

"అవును, బావూ."

అతను నా వైపు తిరిగాడు. "నీకెప్పట్నించి తెలుసు ఈ సంగతి?"

"చదువుకున్నప్పటి నుంచి."

"నువ్వొచ్చి ఏడాదైపోనాది కదా. నా సిన్నోడు పోయి తొమ్మిది నెల్లు. నువ్వెందుకు సెప్పనేదు?"

రిపోర్టులు రాశాను, బొమ్మలు అంటించాను, మంత్రసానిని పిలవొద్దని ఆంక్ష పెట్టాను. ఎందుకో మాత్రం వాళ్ళకి అర్థమయ్యే మాటలో ఒక్కసారి చెప్పలేదు. "తప్పు నాది కూడా" అన్నాను. అప్పటికే అవ్వ వచ్చి నా ముందు నిలబడింది, నాకూ అతనికీ మధ్య. అతను మా ఇద్దర్నీ చూశాడు. తలపాగా విప్పి మొహం తుడుచుకుని, అడవి వైపు వెళ్ళిపోయాడు.

తరవాతి నాలుగు నెలలూ ఎలా గడిపానో చెప్పలేను. అవ్వని ఎవరూ పిలవలేదు. ఒక రోజు పొద్దున్న ఆవిడ ఇంటి తడిక విరగ్గొట్టి ఉంది. పోలీసులకి చెబుదామన్నాను. "తడికే కదా, అల్లుకుంటాను" అంది. ఆవిడ ఒంటరిగా నీళ్ళకి వెళితే నా ప్రాణం కొట్టుకునేది, ఏదో వంకతో వెనకాలే వెళ్ళేదాన్ని. ఆ రోజుల్లో ఒక్కటే మంచి జరిగింది. ఆ రైతు భార్య సంతలో నా దగ్గరికి వచ్చి సూదికి చెయ్యి చాపింది. ఆమె వెనక ఇంకో ఇద్దరు నిలబడ్డారు. కింద నుంచి ఫ్లాస్కులో ఐసు పెట్టి మందు తెచ్చేదాన్ని. రైలు ఆలస్యమైతే ఐసు కరిగిపోతుందేమోనని ప్రతి స్టేషన్లో మూత తీసి చూసుకునేదాన్ని. నెల తరవాత రెండో సూది కూడా వేశాను.

ఒక ఉదయం ఆ రైతే అవ్వ గుమ్మంలో నిలబడ్డాడు. "నొప్పులొత్తన్నాయి. బేగి రా." అవ్వ చీర బిగించి లేచింది. నన్ను తీసుకెళ్ళింది. బ్లేడు, రెండు దారప్పోగులు, ఒక గుడ్డముక్క ఇరవై నిమిషాలు మరగబెట్టాం. చేతులు మోచేతిదాకా సబ్బుతో కడుక్కుంటూ అవ్వ మళ్ళీ మళ్ళీ అడిగింది, "సాలా? ఇంకా రుద్దాలా?" అని. మధ్యాహ్నానికి మగబిడ్డ. బొడ్డు అవ్వే కోసింది. నేను కోస్తానన్నా ఇవ్వలేదు. బూడిద కోసం అలవాటుగా పొయ్యి వైపు వెళ్ళిన చేతిని ఇంకో చేత్తో పట్టుకుంది. అది నేను చూశాను.

ఆ తరవాత ఎనిమిది రోజులు. రోజూ ఇద్దరం వెళ్ళేవాళ్ళం. తండ్రి గుమ్మంలో కూర్చుని మా మొహాలు చూసేవాడు తప్ప పలకరించేవాడు కాదు. అయిదో రోజు బిడ్డ పాలు కక్కాడు. దవడ వేలితో నొక్కి చూశాను, మెత్తగానే ఉంది. ఆరో రోజు ఎక్కువ నిద్రపోయాడు. అవ్వ అరికాలు గిల్లి ఏడిపించింది. ఏడుపు విని నవ్వలేక నవ్వింది. ఏడో రోజు ఇద్దరం అంబలి కూడా ముట్టలేదు. ఎనిమిదో రోజు ఉదయం వెళ్ళేసరికి తల్లి చాప మీద పడుకుని ఉంది. బిడ్డ రొమ్ము పట్టి చప్పుడయ్యేలా తాగుతున్నాడు. తండ్రి లేచి అవ్వకి పీట వేశాడు. ఆవిడ పీట మీద కూర్చోలేదు. నేల మీదే కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని, ఒళ్ళంతా కదిలిపోయేలా ఏడ్చింది. పోయిన పిల్లలందరినీ తలుచుకుని ఏడ్చిందని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరూ ఊరుకోమనలేదు.

అక్కణ్ణుంచి పని మా చేతుల్లోకి వచ్చింది. అవ్వ పక్క ఊళ్ళ మంత్రసానుల దగ్గరికి స్వయంగా నడిచి వెళ్ళింది. వాళ్ళకి నేర్పుతానని ఎక్కడా అనలేదు. "నాను ఇలగ సేసినాను, నువ్వూ సేసినావా?" అని మొదలుపెట్టేది. ఏడో నెల రాగానే బ్లేడు, దారాలు, గుడ్డ మరగబెట్టి ఆరబెట్టి, పొట్లం కట్టి, ఆ తల్లి ఇంట్లోనే ఉంచాలన్నది ఆవిడ ఆలోచనే. "నువ్వు ఊళ్ళో లేనప్పుడు పురుడొత్తే ఏటి గతి?" అంది. గొంతుక్కూర్చుని కనే పద్ధతి మార్చొద్దని నాతో గట్టిగా వాదించి నెగ్గింది. "సెడ్డది ఒగ్గీ. మంచిది ఒగ్గకు" అనేది. నేను మందులు చదివి వచ్చాను, ఆవిడ మనుషుల్ని చదివింది. ఎనిమిదో రోజు గండం మా ఊళ్ళలో అరుదైపోయింది.

కొన్నేళ్ళకి పై ఆఫీసు నుంచి ఇద్దరు అధికారులు జీపులో వచ్చారు. కొండ ఊళ్ళలో ఏ ఆరోగ్య కేంద్రంలో ఏ పద్ధతి బాగా పనిచేస్తోందో చూసి, మిగతా చోట్ల అమలు చేద్దామని వాళ్ళ ఉద్దేశం. మంచి ఉద్దేశమే. అవ్వని పిలిపించారు.

"ఇక్కడ ఏం చేసి మార్పు తెచ్చారమ్మా?"

"సెప్పినాను, బాబూ."

"ఏం చెప్పారు?"

"తప్పు నాదేనని."

ఆయన పెన్ను ఆగింది. కాగితంలో గళ్ళు వెతికాడు. ఆ మాట పట్టే గడి లేదు. పక్కాయన "ఆరోగ్య విద్య అని వెయ్యండి" అన్నాడు. పొట్లం చూసి మాత్రం చాలా సంతోషించారు, ఒకటి పట్టుకెళ్ళారు. నేను నోరు విప్పి ఉండాల్సింది. ఆ రోజు రాళ్ళ దగ్గర ఏం జరిగిందో, నన్ను ఆ తండ్రి ఏం అడిగాడో చెప్పి ఉండాల్సింది. నా తప్పు బయటపడుతుందని జంకాను. తరవాత వేరే కొండల్లో ఒక సెంటర్‌కి మారితే, అలాంటి పొట్లాలు అక్కడ బస్తాల్లో మూలన పడి కనిపించాయి, ఎలుకలు కొట్టేసి. పొట్లం వచ్చింది. కానీ అదెందుకన్నది ఊరి ముందు నిలబడి ఎవరూ చెప్పలేదు. అప్పుడు ఆ ఊరి ఆడవాళ్ళని కూర్చోబెట్టి, నేను చేసిన ఆలస్యం గురించీ, దానివల్ల పోయిన బిడ్డ గురించీ మొదటిసారి చెప్పాను. ఆ తరవాత ఎక్కడ చేరినా అదే చేశాను.

కార్డు వచ్చిన మర్నాడే సెలవు పెట్టి కొండెక్కాను. ఖననం అయిపోయింది. వాకిట్లో చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. వాళ్ళలో ముగ్గురు మంత్రసానులు. అవ్వ కూతురు నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. ఏడుపు సన్నగా సాగుతుండగా దిగువ ఊరి నుంచి ఒకామె పరుగున వచ్చింది. మంత్రసానుల్లో నడివయసామె దగ్గర వంగి ఏదో చెప్పింది. ఆమె కన్నీళ్ళు తుడుచుకుని లేచింది. నా వైపు చూసి, "తొలిచూలు గుంట, బయపడిపోతంది. నువ్వూ వత్తావా?" అంది.

ఇద్దరం వలిసె పూల చేల మధ్య నుంచి గబగబా దిగుతున్నాం. నాకు మళ్ళీ అదే గుబులు. దిగువన ఆ ఇంటి పూరికప్పు సందుల్లోంచి పొగ దట్టంగా లేస్తోంది. మేం ఇంకా సగం దారిలో ఉండగానే, ఎవరో నీళ్ళు మరగబెట్టడం మొదలుపెట్టేశారు.